కామెర్లు, మంచినీళ్ళ పైపులు, ఒక పాతికేళ్ళ పొరపాటు

కామెర్లు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పసరు మందు, పత్యం. వైరస్ సంగతి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఆ వైరస్సుల్లో హెపటైటిస్ ఇ అనేదానికి మన దేశంతో బాగా దగ్గర చుట్టరికం ఉంది. దాని చరిత్ర చదివితే, ఓ పెద్ద ప్రొడక్షన్ ఇష్యూకి తప్పు రూట్ కాజ్ రాసేసి టికెట్ క్లోజ్ చేసిన కథలా ఉంటుంది.

1955లో యమునకి వరదలొచ్చాయి. నది పాయ పక్కకి జరిగి, నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీళ్ళు వెనక్కి తన్ని, ఢిల్లీకి మంచినీళ్ళు తోడే వజీరాబాద్ పంపింగ్ స్టేషన్ దాకా వచ్చేశాయి. అక్కడి ఇంజినీర్లు చూస్తూ ఊరుకోలేదు, క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో టైఫాయిడ్ లాంటివి పెరగలేదు కూడా. కానీ ఆ డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు 29 వేల మందికి కామెర్లొచ్చాయి. బాక్టీరియాని ఆపిన క్లోరిన్ ఈ వైరస్‌ని ఆపలేకపోయిందన్నమాట.

అప్పట్లో నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లంటే ఒక్కటే అనుకునేవాళ్ళు, ఇప్పుడు మనం హెపటైటిస్ ఎ అంటున్నది. ఢిల్లీ కేసులన్నీ ఆ ఖాతాలోనే రాసేశారు. నిజానికి ఆ లెక్క ఎక్కడో తేడా కొడుతూనే ఉంది. ఎ రకం మన దేశంలో చాలామందికి చిన్నతనంలోనే వచ్చి పోతుంది. ఢిల్లీలో మంచాన పడింది మాత్రం ఎక్కువగా పెద్దవాళ్ళు. పైగా గర్భిణుల్లో చావులు ఎక్కువ. ఆ సంగతి అప్పటి డాక్టర్లు రాసి పెట్టారు కూడా. కాకపోతే తేల్చి చెప్పే పరీక్ష అప్పటికి లేదు.

1978లో కాశ్మీర్‌లో మళ్ళీ ఇదే వరస. డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ ఊళ్ళు తిరిగి కేసులు లెక్క తీశాడు. ఈసారి ఎ, బి రకాలకి పరీక్షలు చేతిలో ఉన్నాయి. రెండూ కాదని తేలింది. 1980లో ఆయన పరిశోధన అచ్చయింది. అదే ఏడాది పూణే వైరాలజీ సంస్థవాళ్ళు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి, 1955 నాటి ఢిల్లీ రోగులవి దాచి ఉంచిన రక్తం శాంపిళ్ళు పరీక్షిస్తే, అదీ ఎ కాదని బయటపడింది. పాతికేళ్ళ పాత లాగ్ ఫైళ్ళు ఎవరో డిలీట్ చెయ్యకుండా ఉంచారు కాబట్టి సరిపోయింది :)

మరి ఆ మూడోది ఏంటి? 1983లో మిఖాయిల్ బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త, అఫ్ఘానిస్తాన్‌లో కామెర్లొచ్చిన సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తనే తాగేశాడు! ఆయనకి ఎ రకం అంతకుముందే వచ్చి పోయింది, కాబట్టి అది మళ్ళీ రాదు. 36 రోజులకి కామెర్లొచ్చాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ కనిపించింది. 1990లో అమెరికాలో దాని జన్యువుల్లో కొంత భాగం పట్టుకున్నారు. హెపటైటిస్ ఇ అనే పేరు స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే.

కథ అక్కడితో అయిపోలేదు. 1997లో అమెరికా పందుల్లో దీని దగ్గర బంధువు దొరికింది. 2003లో జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్న నలుగురికి జబ్బు చేస్తే, ఫ్రీజర్‌లో మిగిలిన మాంసంలో కూడా అదే వైరస్ ఉంది. అంటే 3, 4 జీనోటైపులు జంతువుల నుంచి మనుషులకి వస్తాయి. 1, 2 జీనోటైపులది మాత్రం మనిషి నుంచి మురుగు, మురుగు నుంచి మళ్ళీ మనిషి, అదే దారి. మన దేశంలో పందుల్లో దొరికింది 4, మనుషుల్లో దొరికేది 1. కాబట్టి మన దగ్గర నేరం పందుల మీదకి తోసెయ్యడం కుదరదు.

దూరం ఎందుకు, మన హైదరాబాదే చూడండి. 2005లో మార్చి నుంచి ఆగస్టు దాకా 1600 పైగా కేసులు. మురుగు కాలువల్ని దాటుకుంటూ వెళ్ళే పైపుల నీళ్ళు తాగినవాళ్ళలోనే ఎక్కువ. ఢిల్లీ జరిగిన యాభై ఏళ్ళకి, హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, అదే బగ్ మళ్ళీ రిపీట్!

పసరు మందు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ జబ్బు ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పేరు పసరుకి వస్తుంది. కానీ నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే ప్రాణాపాయం, నూటికి 20-25 మంది దాకా చనిపోవచ్చు. అక్కడ పసరుతో ప్రయోగాలు పనికిరావు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

టీకా లేదా అంటే, ఉంది. నేపాల్ సైనికుల మీద పరీక్షించిన ఒక టీకా బాగా పనిచేసిందని 2007లో తేలింది, కానీ మార్కెట్లోకి రానేలేదు. చైనాలో లక్ష మందికి పైగా జనం మీద పరీక్షించిన ఇంకో టీకాకి 2011లో అక్కడ అనుమతి వచ్చింది. జబ్బు చెలరేగిన చోట దాన్ని మొదటిసారి వాడింది మాత్రం 2022లో, దక్షిణ సూడాన్‌లోని బెంటియూ శిబిరంలో. మధ్యలో పదేళ్ళు! ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు ఎక్కువగా పేద దేశాల ఆడవాళ్ళు కాకపోయి ఉంటే ఇంత ఆలస్యం జరిగేదా అని నా అనుమానం.

అయినా 1955లో తప్పు టీకా లేకపోవడం కాదు, మంచినీళ్ళలో మురుగు కలవడం. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో పార్కింగ్ గురించి గంటలు గంటలు కొట్టుకుంటాం కదా. ఈసారి మన వీధి మంచినీళ్ళ పైపు ఏ కాలువ పక్కనుంచి వస్తోందో కూడా ఒకసారి అడగండి. అప్పటిదాకా నీళ్ళు మరగబెట్టుకుని తాగండి.