తాళంచెవి ముందు, తాళం తర్వాత

కోడ్ పనిచేస్తుంది గానీ ఎందుకు పనిచేస్తుందో తెలీదు... ఈ అవస్థ మన ఐటీ వాళ్ళకే అనుకునేవాణ్ణి. గ్రోత్ హార్మోన్ కథ చదివాక ఆ భ్రమ పోయింది.

1970ల చివర్లో అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బవర్స్ బృందం, మెదడులో నొప్పిని అణిచే ఎన్‌కెఫలిన్‌ని కాస్త మార్చి చూసింది. నొప్పిని అణిచే గుణం పోయింది, పిట్యూటరీ గ్రంథి మాత్రం గ్రోత్ హార్మోన్ వదిలింది. ఎందుకో తెలీదు! 1982లో ఆ గ్రంథికి ఆజ్ఞలిచ్చే అసలు హార్మోన్ దొరికింది. తీరా చూస్తే బవర్స్ పదార్థాల దారి వేరు. అంటే తాళంచెవి చేతిలో ఉంది, తాళం ఎక్కడుందో తెలీదన్నమాట.

1996లో మెర్క్ శాస్త్రవేత్తలు ఆ తాళాన్ని, అంటే రిసెప్టర్‌ని, పట్టుకున్నారు. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా ఒంట్లో సహజంగా తయారయ్యే తాళంచెవిని కనుక్కున్నారు. ఎక్కడనుకున్నారు? ఎలుక పొట్టలో! దాని పేరు గ్రెలిన్. ఆకలి పుట్టించేదీ అదే.

ఇదే తాళం తీసే మెర్క్ వారి ఎంకే-677 గురించి ఇప్పుడు జిముల్లో గుసగుసలు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అది వాడిన వృద్ధులకి కొవ్వు కాని బరువు కిలో పైచిలుకు పెరిగింది. బలం పెరగలేదు. రక్తంలో చక్కెర మాత్రం పెరిగింది.

ఒక తాళం తీస్తే ఒక్క గదే తెరుచుకోదు. పూర్తిగా టెస్ట్ చెయ్యనిదాన్ని ప్రొడక్షన్‌లో పెట్టకూడదని మనకి వేరే చెప్పాలా?