రక్తరసి శాస్త్రము – విడాల్ పరీక్ష

శరీరమునుండి తీసిన రక్తమును గాజుగొట్టములో కదల్పక యుంచినచో కొంతసేపటికది గడ్డకట్టి, ఆ గడ్డ కుంచించుకొనిపోగా, లేత పసుపువన్నెగల ద్రవము పైకి తేరుకొనును. రక్తకణములును, గడ్డకట్టుటకు మూలమగు ఫైబ్రినోజెనును తొలగిన యీ ద్రవమే రక్తరసి, అనగా సీరము. రోగక్రిములకెదురుగా శరీరమున బుట్టు ప్రతిరక్షకములు దీనియందుండుటచే, వానిని గుర్తించి, వాని బలమును గణించి, తన్మూలమున రోగమును గ్రహించు శాస్త్రము సీరాలజీ యనబడును.

1890లో బెర్లిను నగరమున బేరింగ్, కిటసాటో అను విద్వాంసులు ధనుర్వాత విషమునకు అలవడిన జంతువుల రక్తరసికి ఆ విషమును విఱుచు శక్తి గలదని నిరూపించిరి. 1896లో వియన్నాయందు గ్రూబర్, డర్హాములు తగిన రసి సోకినపుడు క్రిములు గుంపులుగా నతుకుకొనుటను వివరింపగా, ఆ సంవత్సరమే పారిసులో ఫెర్నాండ్ విడాల్ దానిని రోగి మంచముకడకు గొనివచ్చెను. వారు తెలిసిన రసితో తెలియని క్రిమిని గుర్తింప యత్నింపగా, ఈతడు తెలిసిన క్రిమితో రోగి రసినే పరీక్షించెను. వైద్యమునకు మహోపకారమైనది ఈ మార్పే. పిదప 1906లో వాసర్మన్ సవాయి రోగమునకు పరీక్షను కల్పించెను. 1971లో స్వీడనున ప్రతిరక్షకములను గుర్తించు ఎలీసా అను పద్ధతి వెలసెను.

టైఫాయిడు జ్వరమును గుర్తించు విడాల్ పరీక్షయందు రోగి రసిని ఉప్పునీట 1:20, 1:40, 1:80, 1:160 అను క్రమమున పలుచబఱచి, ‘హెచ్’, ‘ఓ’ అను రెండు వరుసల గొట్టములలో చంపిన టైఫాయిడు క్రిములను కలిపి, 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో రాత్రియంతయు నుంతురు. ప్రతిరక్షకములు లేనిచో క్రిములు అడుగున చిన్నముద్దగా దిగును. ఉన్నచో, క్రిమికి తోకలవలెనుండు కశాభములకు సంబంధించిన ‘హెచ్’ గొట్టమున దూదిపింజెలవలె వదులుగాను, క్రిమిదేహమునకు సంబంధించిన ‘ఓ’ గొట్టమున గరుకైన పలుచని పొరగాను అతుకుకొనును. ఇట్లతుకుట కనబడిన కడపటి పలుచదనమే టైటరు.

అయితే ఈ సాక్ష్యమును తూచి గ్రహింపవలయును. మొదటి వారము గడచుచుండగా గాని ప్రతిరక్షకములు తగినంతగా పొడసూపవు. కావున తొలినాళ్ల పరీక్షలో ఏమియు కనబడకున్నంత మాత్రమున రోగము లేదనరాదు. మఱియు పూర్వము సోకిన జ్వరముగాని, వేయించుకొన్న టీకాగాని, సజాతీయములైన సాల్మొనెల్లా క్రిములుగాని ప్రతిరక్షకములను మిగిల్చిపోవుటచే, టైఫాయిడు తఱచుగా సంచరించు మన తెలుగునాట ఆరోగ్యవంతులయందును కొద్దిపాటి టైటరు కానవచ్చును. వారము పదిదినముల యెడముతో తీసిన రెండు రసులలో టైటరు నాలుగింతలు పెరిగినచో నది బలమైన ఆధారము. ఒక్క పరీక్షనే, అందును గాజుపలకమీద క్షణములో ముగించినదానిని నమ్మి, ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని మందులు వాడించుట మిక్కిలి శోచనీయము. అసలు రోగము మఱుగుపడును, క్రిములు యాంటీబయాటిక్కులకు లొంగకుండ నలవడును. సాధ్యమైనచోట, మందు మొదలిడక మునుపే, మొదటి వారముననే రక్తమును కల్చరుకు పంపి క్రిమిని పెంచి చూచుట ఇంతకంటె నమ్మదగిన మార్గము.