రద్దయిన ర్యాంకు

ఆ ర్యాంకులు నిలవలేదు. 2016 జులై 14న తెలంగాణలో డాక్టరు సీట్ల ప్రవేశ పరీక్ష ఎంసెట్-2 ఫలితాలు వచ్చాయి. ఆగస్టు 2న ప్రభుత్వం ఆ పరీక్షనే రద్దు చేసింది. మూడు వారాలు కూడా నిండని ఆయుష్షు. ఆ కొద్ది రోజులూ ఎన్ని ఇళ్లలో ఒక పిల్లనో పిల్లవాణ్నో ముద్దుగా "డాక్టరు గారూ" అని పిలుచుకున్నారో! చుట్టాలు ఫోన్లు చేశారు, మిఠాయిలు పంచారు, మొక్కులు తీర్చుకున్నారు. జరగబోయేది తెలిసిన మనం ఇప్పుడు ఆ ఇళ్ల గుమ్మంలో నిలబడితే, ఆ మిఠాయి నోట్లో పెట్టుకోబుద్ధి కాదు.

ఫిలింనగర్ బస్తీలో అలాంటి ఇల్లొకటి నాకు తెలుసు. తండ్రి సినిమా లైట్‌మన్. తల్లి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఒకరింట వంట చేసేది. మంత్రుల నివాసాలున్నదీ ఆ రోడ్డులోనే. ఇంటికి కాస్త దూరంలో, అదే జూబ్లీహిల్స్ రాళ్ల మీద, 2012లో అపోలో మెడికల్ కాలేజీ వెలిసింది. తెల్లకోటు మడిచి ముంజేతి మీద వేసుకుని రోడ్డు దాటే పిల్లల్ని ఆ ఇంటి అమ్మాయి రోజూ చూసేది. తనకూ ఒక కోటు వస్తుందనుకుంది. ఉత్త ఆశ కాదది. తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ పుస్తకాలు అట్టలూడేదాకా చదివిన పిల్ల. రాత్రి షూటింగులుంటే తండ్రి ఇంటికి రాడు. ఆ రాత్రుళ్లు ఇంట్లో కాస్త చోటు మిగిలేది, దీపం ఎంతసేపు వెలిగినా ఎవరి నిద్రా చెడేది కాదు.

పరీక్ష సంగతి ఆ తరం వాళ్లందరికీ కంఠోపాఠమే. బోటనీ, జువాలజీ కలిపి 80 ప్రశ్నలు, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటల్లో 160 బుడగలు బాల్‌పెన్నుతో దిద్దాల్సి వచ్చేది. ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తప్పు రాస్తే మార్కు కోసేవారు కాదు. ఎవరి కూతురివి, ఏ వీధి, ఇంగ్లిష్ వచ్చునా అని అడిగేవారు కాదు. పేదవాడు ఎంసెట్‌ను నమ్మింది అందుకే. దానికి కళ్లు లేవు. కళ్లు లేకపోవడమే దాని ధర్మం.

కానీ ఆ ఏడాది మొదటినుంచీ వంకరే. ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మెడికల్ సీట్లకు దేశమంతటికీ నీట్ ఒక్కటే అంది. ఆ ఏడు నీట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. 180 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు, సీబీఎస్ఈ సిలబస్. తెలుగు మీడియం పిల్లల గుండెల్లో రాయి పడింది. మర్నాడు ఏప్రిల్ 29న ఆంధ్రప్రదేశ్ తన ఎంసెట్ తాను పెట్టేసుకుంది. తర్వాత ఆ ర్యాంకులతోనే అక్కడ మెడికల్ సీట్లు నిండాయి. ఇక్కడ మే 2న జరగాల్సిన పరీక్ష, తనిఖీల విషయంలో ప్రైవేటు కాలేజీలకూ ప్రభుత్వానికీ పొసగక, మే 15కు జరిగింది. ఆ జరగడంలోనే అంతా జరిగిపోయింది. కోర్టు మాటతో మే 15 పరీక్షలో ఎంబీబీఎస్ ఊసు లేకుండా పోయింది. మే 24న రాష్ట్రపతి ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి ఆ ఒక్క ఏడాదికీ రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చాక, డాక్టరు చదువుకోసం మరో పరీక్ష పెట్టక తప్పలేదు. అదే జులై 9 నాటి ఎంసెట్-2. తనిఖీల పేచీ తెమిలి ఆ మొదటి పరీక్షే అనుకున్నట్టు ముగిసి ఉంటే, రెండోదాని ప్రశ్నపత్రం అచ్చువేసే పనే పడి ఉండేది కాదేమో. ఈ "ఉంటే"ల దగ్గర ఆగిపోకూడదని తెలుసు. అయినా మనసు అక్కడక్కడే తచ్చాడుతుంది.

హెచ్చరిక కూడా లేకపోలేదు. రెండేళ్ల ముందు, 2014 మార్చిలో, ఉమ్మడి రాష్ట్రంలో పీజీ మెడికల్ ప్రవేశ పరీక్ష ఇలాగే బజారున పడింది. సీఐడీ వచ్చింది, అరెస్టులు జరిగాయి, రాష్ట్రపతి పాలనలో ఆ పరీక్షను రద్దు చేసి మళ్లీ పెట్టారు. ప్రశ్నపత్రం ప్రెస్సు గడప దాటగలదని అప్పుడే తేలిపోయింది. ఆ గడప దగ్గర కాపలా గట్టిగా ఉండాల్సింది. లేదు.

ఈసారి కాగితాలు దాటింది ఢిల్లీ ప్రెస్సు గడప. తర్వాత సీఐడీ చెప్పింది విన్నాం: రెండు సెట్లు బయటికొచ్చాయి, దళారులు లక్షల్లో బేరం మాట్లాడుకున్నారు, పరీక్షకు ముందు పిల్లల్ని బెంగళూరు, ముంబై లాంటి దూరపు ఊళ్లకు తీసుకుపోయి, గదుల్లో కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయించారు. వల్లె వేసిందీ పద్దెనిమిదేళ్ల పిల్లలే. వాళ్ల మీద నాకు కోపం నిలవదు. ఆ గదుల్లోకి వాళ్లను పంపింది కన్నవాళ్లు. తమ బిడ్డ మీద తమకే నమ్మకం లేదని అంత డబ్బు పోసి చాటుకున్నారు. ఆ గదుల్లో కూర్చున్నప్పుడు ఆ పిల్లలకు ఈ సంగతి తట్టే ఉంటుంది.

అవే రోజుల్లో ఫిలింనగర్ బస్తీలో మా పిల్ల ఇంటెనక రాతి మీద కూర్చుని ఫార్ములాలు రాసుకుంటోంది. జులై 9న పరీక్ష రాసి వచ్చి, "మంచిగనే రాసిన నాయినా" అంది. ఆ సాయంత్రం ప్రశ్నపత్రం ఒళ్లో పెట్టుకుని ఒక్కో జవాబూ పుస్తకంతో సరిచూసుకుంది. ఒప్పు దగ్గర టిక్కు, తప్పు దగ్గర చిన్న సున్న. టిక్కులే ఎక్కువ. అయిదు రోజుల తర్వాత వచ్చిన ర్యాంకు గవర్నమెంటు కాలేజీలో సీటు తెచ్చిపెట్టే ర్యాంకు.

తర్వాత బోనాలు వచ్చాయి. ఆ ఆషాఢం ఆదివారాల్లో బస్తీలో డప్పులు మోగుతుంటే, పక్కనే టీవీల్లో స్క్రోలింగులు మొదలయ్యాయి. మొదటి ఎంసెట్‌లో ఎక్కడో ఉన్నవాళ్లు రెండోదాంట్లో పైకెలా వచ్చారని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఈ దొంగతనాన్ని ముందు పసిగట్టింది ఆ కళ్లే. సీఐడీ దిగింది, లీకు నిజమేనంది. ఇక రెండు గుంపులు. రద్దు చేయండని ఒకరు. దోషుల్ని ఏరేయండి గానీ మా పిల్లల్ని ముంచకండని ఇంకొకరు. ఇద్దరి మాటా న్యాయమే. అందుకే ఇది తీరని ఏడుపు.

పిల్లల్ని విడివిడిగా చూసే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో మనవాళ్ల పిల్లలు మెడికల్ స్కూలుకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకు పిలుస్తారు. డాక్టరెందుకవుదామనుకుంటున్నావని ఎదురుగా కూర్చుని అడుగుతారు. వెయిట్‌లిస్టులో పడ్డవాళ్లు అప్‌డేట్ లెటర్ రాస్తారు: దరఖాస్తు పంపాక ఈ పని చేశాను, ఈ మార్కులొచ్చాయి, ఇప్పటికీ మీ దగ్గరే చదవాలనుంది, అని. ఆ నిరీక్షణా నరకమేనని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లులు చెబుతారు. రోజుకు పదిసార్లు మెయిల్ చూసుకుంటారట. ఆ పద్ధతి ఇక్కడికి రావాలని నేననను. వస్తే సిఫారసులు ముందు వస్తాయి. కానీ వాళ్లకు నోరుంది. మన పిల్లకు ఉన్న నోరల్లా ఆ 160 బుడగలే. వాటిని కొట్టేశాక ఇక ఆమెకు మాట లేదు.

మాట లేదని ఆమెకు తెలియదు. రద్దు ఖాయమని టీవీలు చెబుతున్న రోజున ఉత్తరం రాసింది. గీతల నోటుబుక్కులోంచి చింపిన ఠావు. "గౌరవనీయులైన అధికారి గారికి" అని మొదలుపెట్టి హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు, ఇంటర్ మార్కులు వేసింది. వెనకవైపు, ఆ పరీక్షలో వచ్చిన ఫిజిక్స్ లెక్కలు కొన్ని వేసి, ఒక్కో మెట్టూ ఎలా చేసిందో చూపించింది. జవాబు బట్టీ పట్టినవాళ్లకు ఈ మెట్లు రావు సార్, నన్ను పిలిచి అడగండి, బోర్డు మీద చేసి చూపిస్తాను, అని చివరి వాక్యం. దాన్ని తండ్రి మా ఇంటికి తెచ్చాడు.

"ఎవలకియ్యాలె సార్ ఇది?"

చిరునామా ఉంటే చెప్పేవాణ్ని. రద్దు ఆపమనే ఉత్తరాలు తీసుకునే కార్యాలయాలు ఊళ్లో ఉన్నాయి. ఒక పిల్లను పిలిచి బోర్డు ముందు నిలబెట్టే కార్యాలయం ఎక్కడా లేదు. ఆయన ఠావును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు: "షూటింగుల టేక్ మంచిగొచ్చినా లైటు వోతే వన్ మోర్ అంటరు సార్. కని రెండోసారి ఏడుపు మొదటిసారి లెక్క రాదు."

ఎంసెట్-3 సెప్టెంబరు 11న. మళ్లీ ఫీజు కట్టనక్కర్లేదన్నారు. మంచిదే. వినాయక చవితి పందిళ్లు వీధి వీధినా ఉన్నాయి, మైకులు రాత్రి పొద్దుపోయేదాకా ఊరుకోలేదు. ఆగస్టంతా ఆ పిల్ల పుస్తకం తెరిచే ఉంచింది గానీ పేజీ తిప్పడం తక్కువ. తల్లి పనిచేసే ఇంట్లో, "ఎందుకు దిగులు, మళ్లీ రాస్తుందిలే" అన్నారట, ప్రేమగానే. పరీక్ష ఉదయం తండ్రి సెంటరు దాకా వెంటవెళ్లి, "ఏం గాదు బిడ్డా, నీకచ్చినదే గద" అన్నాడు. వచ్చినదే. వచ్చినదాన్ని మళ్లీ ఎందుకు రుజువు చేయాలో అర్థంకాని చెయ్యి ఆ రోజు బుడగలు దిద్దింది.

ర్యాంకు జారింది. పూర్తిగా పాతాళానికి కాదు; సీటుకు కాస్త అవతలికి. పూర్తిగా జారి ఉంటే ఏడ్చి ఊరుకునేవాళ్లు. ఆ "కాస్త" ఉందే, అది చాలా ఏళ్లు తింటుంది.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపే తాహతు ఆ ఇంటికి లేదు. పైగా మరుసటి ఏడాది నుంచి అంతా నీటే. డాక్టరు సీటుకోసం ఎంసెట్ రాసే రోజులు ఆ సెప్టెంబరుతో ముగిశాయి. ఆమె నర్సింగులో చేరింది. ఇప్పుడు నగరంలోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. మంచి నర్సు అని విన్నాను, ఆశ్చర్యపోలేదు. రెండేళ్ల తర్వాత తమ్ముడు పదో తరగతి మంచి మార్కులతో పాసై బైపీసీ తీసుకుంటానంటే, ఇంట్లో అందరూ సరేనన్నారు. వద్దన్నది అక్క ఒక్కతే. ఫారం మీద ఎంపీసీ అని తనే రాసింది.