మాట ముందా, పెదవి ముందా?

మద్రాసులో అసిస్టెంటుగా చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని రష్‌లు సింక్ చెయ్యడం. క్లాప్ చెక్కలు తాకిన ఫ్రేము మీద చైనాగ్రాఫ్ పెన్సిల్‌తో ఒక ఇంటూ గుర్తు, మాగ్నెటిక్ ఫిల్ము మీద ‘టక్’మన్న చోట మరో గుర్తు. రెంటినీ సింక్రనైజర్ పళ్ల చక్రాల మీద ఎదురెదురుగా బిగిస్తే బొమ్మా మాటా కలిసి నడుస్తాయి. 35 ఎం.ఎం. ఫిల్ముకి ఫ్రేముకు నాలుగు రంధ్రాలు. ఒక్క రంధ్రం జారితే సెకనులో 96వ వంతు తేడా. మా ఎడిటర్‌గారు మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేవారు: “మొదట్లో కలిసింది సరేనయ్యా, చివర చూశావా?”

ఇప్పుడు నెట్‌లోంచి దించుకున్న వీడియోలు పట్టుకొచ్చి “గురువుగారూ, మాట వెనకబడుతోంది” అనే కుర్రాళ్లనూ నేను అదే అడుగుతాను. మొదట ఎంత తేడా ఉందో చివరా అంతే ఉంటే, సౌండు ట్రాకును అంత మేరకు జరిపితే పని అయిపోతుంది. మొదట కలిసుండి పోనుపోనూ ఎడమైతే మాత్రం అది వేగాల తగాదా. ఆ తగాదాకి వందేళ్ల చరిత్ర ఉంది.

మూకీల కాలంలో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. వేగం కాస్త అటూ ఇటూ అయినా కన్ను సర్దుకునేది. చెవి సర్దుకోదు, గొంతు మారితే వెంటనే పట్టేస్తుంది. అందుకే 1926లో వైటాఫోన్ రికార్డులతో సినిమాకు శబ్దం జోడించినప్పుడు సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేశారు. 1932లో మన ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి అదే లెక్క స్థిరపడిపోయింది.

టీవీ వచ్చి ఆ లెక్క చెదరగొట్టింది. మనకూ యూరపుకూ 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి 25 ఫ్రేములు. 24లో తీసిన సినిమాని 25లో వేస్తే రెండున్నర గంటల బొమ్మ ఆరు నిమిషాల ముందే అయిపోతుంది. 60 హెర్ట్జ్ అమెరికాలో 30 ఫ్రేములు ఉండేవి. 1953లో రంగులొచ్చాక, రంగు సిగ్నలూ శబ్దం సిగ్నలూ ఒకదానికొకటి అడ్డుపడకుండా దాన్ని 29.97కి తగ్గించారు. వెయ్యింట ఒక వంతే, కానీ గంట గడిచేసరికి 3.6 సెకన్లు. సీడీకి సెకనుకు 44,100 నమూనాలన్న అంకె కూడా డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచుకున్న రోజుల నుంచి వచ్చిందే. వీడియో వాళ్లేమో 48,000 పట్టుకున్నారు.

ఫోన్లది మరో దారి. వెలుతురు తగ్గితే ఫ్రేముల వేగాన్ని అవే తగ్గించేస్తాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ ఫ్రేములన్నిటినీ సమాన దూరంలో పరిచేస్తాయి, సౌండు మాత్రం తన దారిన తాను పోతుంది. దీనికి మందు ఎడిటింగ్ మొదలెట్టక ముందే హ్యాండ్‌బ్రేక్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోవడం.

ఎంత తేడాని మనిషి కనిపెడతాడు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో లెక్క చెప్పింది: మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే పట్టేస్తాం, వెనకొస్తే 125 దాకా గమనించం. ఏటి అవతలి రేవులో బట్ట బండకు తగిలాకే చప్పుడు మన చెవిన పడుతుంది కదా, ఆలస్యం మనకు అలవాటే. మా ఎడిటర్‌గారు ఆ అంకెలు రాకముందే “అనుమానముంటే మాటను ఒక ఫ్రేము వెనక్కెయ్యి” అనేవారు. 1950లో ‘ఆహుతి’కి శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసిన నాటి నుంచి డబ్బింగు రచయితలకు ఉన్న చిక్కు ఇంకొకటి. తెరమీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ పడాలి. అక్కడ ‘క’ పడితే ఎన్ని ఫ్రేములు జరిపినా ఆ మాట నప్పదు.

వేగాల తగాదాకి ఇన్ని కారణాలున్నాయి కాబట్టే, దించుకున్న వీడియోలో తేడా పెరుగుతుంటే ముందు దాన్ని కొలవమంటాను. వెయ్యింట ఒకటైతే అమెరికా టీవీ, నూటికి నాలుగైతే మన కరెంటు, ఎనిమిది తొమ్మిదైతే 44,100కీ 48,000కీ మధ్య పొరపాటు, ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా ఉంటే ఫోను. కొలవకుండా టైమ్‌లైను మీద కోసి కోసి జరిపేవాడు అయిదు నిమిషాల వీడియోతో నెగ్గుకొస్తాడేమో గానీ, గంట వీడియో వాణ్ణి పట్టిచ్చేస్తుంది.