పి అండ్ ఐడీ గుర్తుల ప్రామాణీకరణ

చమురు శుద్ధి కర్మాగారంలో ఏ పైపు ఎటు పోతుందో, దానిమీద ఏ వాల్వు, ఏ మీటరు ఉన్నాయో చూపే పటమే పైపింగ్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డయాగ్రమ్. వాడుకలో పి అండ్ ఐడీ. డిజైన్ ఇంజినీరు గీసినదాన్ని ఫిట్టరూ, ఆపరేటరూ, భద్రతా పరిశీలన బృందమూ ఒకేలా చదవాలి. పొరపాటుగా చదివితే ప్రాణాలకే ముప్పు.

అమెరికాలో పుట్టిన ఐఎస్‌ఏ సంస్థ 1949లో ఈ పటాల్లోని గుర్తులపై తొలి సిఫార్సులు వెలువరించింది. అవే తర్వాత 5.1 ప్రమాణమయ్యాయి, 1984లో, 2009లో సవరించారు. అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 10628, మన దేశంలో ఐఎస్ 3232 ఉన్నాయి.

వృత్తంలో 'టీఐసీ-101' అని ఉందనుకుందాం. 'టీ' ఉష్ణోగ్రత, 'ఐ' సూచిక, 'సీ' నియంత్రిక. 101 లూపు సంఖ్య. వృత్తం మధ్య గీత లేకపోతే పరికరం ప్లాంటులోనే ఉన్నట్టు, అడ్డగీత ఉంటే ప్రధాన కంట్రోల్ రూమ్ ప్యానెల్‌పై ఉన్నట్టు. చుట్టూ చతురస్రం గీస్తే అది కంప్యూటర్ తెరమీద కనిపించే ఉమ్మడి నియంత్రణ. ఎంత క్లుప్తమైన లిపి! కంట్రోల్ వాల్వు కింద 'ఎఫ్‌సీ' అంటే గాలి సరఫరా ఆగితే మూసుకుంటుంది, 'ఎఫ్‌ఓ' అంటే తెరుచుకుంటుంది.

చిక్కల్లా పాత పటాలతోనే. చతురస్రంలో వజ్రాకారం 1984 కూర్పులో పీఎల్‌సీకి (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) గుర్తు. 2009 కూర్పు దాన్ని భద్రతా వ్యవస్థకూ కేటాయించింది. పైగా కంపెనీలు సొంత గుర్తులు కలుపుకుంటాయి. అందుకే పటాల కట్టలో గుర్తుల వివరణకు ప్రత్యేకంగా లెజెండ్ షీట్లు పెడతారు. పాత ప్లాంటును విస్తరించేవారు ముందుగా చదవాల్సింది వాటినే.