అసలు ముట్టని డబ్బు

వేసవి పిక్నిక్ అంటే మన సంఘానికి డెట్రాయిట్‌లోని బెల్ ఐల్ దీవే. పులిహోర గిన్నెలు దించి, చాపలు పరిచి, పిల్లల్ని ఫౌంటెన్ దగ్గర నిలబెట్టి ఫొటోలు తీయడం ఇన్నేళ్ళ అలవాటు. ఆ ఫౌంటెన్ మధ్య గెంతుతున్న కంచు జింక ఒకటుంటుంది. అది లీవై బార్బర్ అనే డెట్రాయిట్ లాయరు గారి స్మారకమనీ, 1936లో మార్షల్ ఫ్రెడరిక్స్ అనే శిల్పి చేసిందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ దీవిని నగరం కొనాలని 1879లో పట్టుబట్టిన వాళ్ళలో ఆయనొకరు. సంఘం రజతోత్సవ సంచికకు మనం ఉండేచోటి ఏదైనా ఒక సంస్థ గురించి రాయమని అడిగితే నాకు తట్టింది ఆయనే. పార్కు సంగతి అలా ఉంచండి. యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీలో ఆయన పేరు మీద ఇంకా నడుస్తున్న స్కాలర్‌షిప్ ఒకటుంది.

బార్బర్ మిషిగన్ యూనివర్సిటీలోనే చదువుకుని, తర్వాత దాని పాలకమండలిలో కూర్చున్నారు. ఆసియా ప్రయాణంలో ఆయన కంట పడినవాళ్ళు ముగ్గురు డాక్టరమ్మలు. చైనాలో షీ మెయ్‌యూ, కాంగ్ చెంగ్. జపాన్‌లో తొమో ఇనోయె. ముగ్గురూ మిషిగన్‌లో వైద్యం చదివి సొంతగడ్డకు వెళ్ళినవాళ్ళే. ముగ్గురు చదివితే ఇంత పని జరిగిందే అని ఆయన లెక్క వేసి ఉంటారు. ముందు ఒకరిద్దరికి సాయం చేసి చూసి, 1917లో ఆసియా దేశాల స్త్రీల కోసం నిధి ఏర్పాటు చేశారు.

ఆ నిధి నడిచే తీరు మనకు కొత్తదేం కాదు. గుళ్ళో శాశ్వత అన్నదానానికి డబ్బు కడతాం చూడండి, అదే పద్ధతి. అసలు ముట్టరు, దాని మీద వచ్చేదే ఖర్చు పెడతారు. దాత 1925లో పోయారు, నిధి మాత్రం ఆగలేదు. టర్కీ నుంచి జపాన్ దాకా ఏ దేశపు అమ్మాయి అయినా అడగొచ్చు. చదివింది తన దేశానికి పనికొచ్చేదై ఉండాలన్నది దాత కోరిక.

మన దేశం నుంచి ఆ డబ్బుతో చదివినవాళ్ళలో పెద్ద పేరు జానకీ అమ్మాళ్‌ది. 1897లో తలశ్శేరిలో పుట్టారు. అప్పటికి కోస్తా జిల్లాలూ, మలబారూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. పై చదువంటే అటువైపు అమ్మాయిలకైనా ఇటువైపు అమ్మాయిలకైనా మద్రాసే పెద్ద దిక్కు. ఆవిడ క్వీన్ మేరీస్, ప్రెసిడెన్సీ కాలేజీల్లో వృక్షశాస్త్రం చదివి, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెబుతుండగా బార్బర్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంట్లో దగ్గర బంధువుల్లోనే సంబంధం చూసి పెట్టారు. ఆవిడ ఓడెక్కారు. 1924లో అమెరికాలో దిగినప్పుడు ఆమె పట్టుచీర చూసి, భారతదేశపు రాజకుమారి కాబోలనుకుని అధికారులు వదిలేశారని చెబుతారు. ఆవిడ కాదనలేదట!

మధ్యలో మద్రాసు వెళ్ళి పాఠాలు చెప్పి, మళ్ళీ అదే స్కాలర్‌షిప్ మీద వచ్చి 1931లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఇక్కడ ఉండగా ఆవిడ చేసిన పనుల్లో ఒక సంకర వంకాయ రకం కూడా ఉంది, ఆవిడ పేరుతోనే. నాకు ఆ వంకాయ మీదే మక్కువ ఎక్కువ. దేశానికి వెళ్ళాక 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థలో చేరి, చెరకును మొక్కజొన్నతోనూ, ఇతర గడ్డిజాతులతోనూ కలిపి చూశారు. కులం, ఒంటరి ఆడమనిషి అన్న మాట, రెండూ అక్కడ ఆమెను వేధించాయి. ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. 1945లో డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్తతో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ వెలువరించారు. నెహ్రూ పిలిస్తే 1951లో మళ్ళీ వచ్చి, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను చక్కదిద్దే పని నెత్తికెత్తుకున్నారు. 1977లో పద్మశ్రీ.

చైనా అమ్మాయి వూ యీఫాంగ్ కూడా బార్బర్ స్కాలరే. 1928లో పీహెచ్.డీ. చేసి, ఆ ఏడాదే జిన్లింగ్ మహిళా కాలేజీకి అధ్యక్షురాలై, 1945లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద చైనా తరపున సంతకం చేశారు.

ఇంత చేసిన యూనివర్సిటీలోనే మిషిగన్ యూనియన్ భవనం ముందు గుమ్మంలోంచి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు, పక్క గుమ్మంలోంచి వెళ్ళాల్సిందే. 1936లో మిషిగన్‌కని బయల్దేరిన భౌతిక శాస్త్రవేత్త వూ చియెన్‌షుంగ్ ఈ మాట విని కాలిఫోర్నియాలోనే ఆగిపోయారు. స్కాలర్‌షిప్ ఇచ్చే చెయ్యీ, గుమ్మం మూసే చెయ్యీ ఒకే ఊళ్ళో!

మనం కూడా సంక్రాంతి సంబరాల్లో రాఫిల్ టికెట్లు అమ్మి, దేశంలో మన ఊళ్ళ ఆడపిల్లలకు ఏటా ఫీజులు పంపుతున్నాం. మంచి పనే. కానీ హాలు అద్దె పెరిగిన ఏడాది పిల్లల సంఖ్య తగ్గుతోంది. రెండో ఏడాది ఫీజు అందని అమ్మాయికి మొదటి ఏడాది మనం కట్టిందేం లాభం? పైగా మనం కట్టేది ఫీజు ఒక్కటే. హాస్టలూ బస్సూ పుస్తకాలూ ఆ అమ్మాయి నాన్న మీదే. చదువు మానిపించేది చాలాసార్లు అవే.

మొన్న కార్యవర్గ సమావేశంలో శాశ్వత నిధి మాట ఎత్తాను. అసలు ముట్టకుండా ఒక్క అమ్మాయికి నాలుగేళ్ళు, హాస్టలుతో సహా, రావాలంటే ఎంత వెయ్యాలో లెక్క కట్టి తెమ్మన్నారు ట్రెజరరు గారు. కడుతున్నాను.