కిటికీ అద్దాలపై బోరు నీటి మరకలు: బాత్రూమ్ యాసిడ్ లేకుండా వదిలించడం ఎలా?

బోరు నీళ్లు వాడే ఇంట్లో కిటికీ అద్దాలు చూస్తే చాలు, ఆ నీటిలో ఏముందో తెలిసిపోతుంది. తెల్లటి చుక్కలు, కిందికి కారిన చారలు, అంచుల వెంబడి పేరుకున్న గార. సబ్బు నీళ్లతో రుద్దితే తడిగా ఉన్నంతసేపు కనిపించవు, ఆరగానే మళ్లీ బయటపడతాయి. ఇవి మురికి కాదు, ఖనిజాలు. అందుకే మురికిని వదిలించే సబ్బులు వీటి మీద పనిచేయవు. విసిగిపోయి చాలామంది బాత్రూమ్ యాసిడ్ సీసా అందుకుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మరకలో ఉన్నదేమిటి?

వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. దారిలో రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను కరిగించి బైకార్బనేట్ల రూపంలో మోసుకొస్తుంది. అద్దం మీద పడ్డ చుక్క ఆరేటప్పుడు నీరు ఆవిరవుతుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, నీటిలో కరగని కాల్షియం కార్బనేట్ మిగిలిపోతుంది. అంటే పలచటి సున్నపురాయి పొర. బొర్రా గుహల పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు ఏర్పడిందీ ఇదే రసాయన చర్యతో. వాటికి వేల ఏళ్లు పట్టింది, కూలర్ పక్కనున్న కిటికీకి ఒక్క వేసవి చాలు.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. 600 ఉన్న నీరు ఒక లీటరు ఆరిపోతే అర గ్రాముకు పైగా ఖనిజం మిగులుతుంది. హైదరాబాద్ లాంటి చోట్ల గ్రానైట్ పగుళ్ల నుంచి వచ్చే బోరు నీటిలో సిలికా కూడా ఉంటుంది. అద్దంలో ప్రధాన పదార్థమూ సిలికాయే కాబట్టి అది గట్టిగా అతుక్కుంటుంది, వంటింటి ఆమ్లాలకు లొంగదు.

వదిలించే పద్ధతి

ముందు మామూలు నీళ్లతో దుమ్ము పోయేలా కడగాలి. ఇది లాంఛనం కాదు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై అద్దం 5.5 దగ్గర ఉంటే, దుమ్ములోని ఇసుక రేణువు 7 దగ్గర ఉంటుంది. సున్నపు మరక 3 మాత్రమే. అద్దం మీద పడే గీతల్లో ఎక్కువ భాగం మరక వల్ల కాదు, పొడి గుడ్డ కింద నలిగిన ఇసుక వల్ల.

తర్వాత కావలసింది బలహీనమైన ఆమ్లం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక టేబుల్ స్పూను అర లీటరు గోరువెచ్చని నీటిలో కలిపితే సరిపోతుంది. వెనిగర్ అయితే సమానంగా నీళ్లు కలిపి వాడొచ్చు. మొండి మరకకు నేరుగానే వాడొచ్చు. అద్దం నిలువుగా ఉంటుంది కనుక చల్లిన ద్రావణం నిమిషంలో కారిపోతుంది. ఆమ్లానికి కావలసింది బలం కన్నా సమయం. పాత నూలు గుడ్డను ద్రావణంలో తడిపి అద్దానికి అంటించి, 10 నుంచి 15 నిమిషాలు ఆరిపోకుండా చూడాలి. ఎండ పడుతున్నప్పుడు కాకుండా ఉదయమో సాయంత్రమో ఈ పని పెట్టుకోవాలి. తర్వాత మెత్తటి స్పాంజితో రుద్ది, బాగా కడిగి, రబ్బరు వైపర్‌తో నీరు లాగేయాలి. మరక ఇంకా ఉంటే ద్రావణాన్ని ఘాటుగా చేయడం కన్నా ఇదే పని మరో రెండుసార్లు చేయడం మంచిది.

వెనిగర్‌లో వంటసోడా కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకుని మిగిలేది దాదాపు ఉప్పు నీరే.

అద్దం కన్నా దాని చుట్టుపక్కల ఉన్నవాటికే ఆమ్లంతో ఎక్కువ చేటు. మన ఇళ్లలో కిటికీ కింద వేసే తాండూరు, షాబాదు, కడప బండలన్నీ సున్నపురాళ్లే. మరకను కరిగించే ఆమ్లం వాటినీ కరిగిస్తుంది. పాలరాయి సంగతీ అంతే. కింద తడి తువ్వాలు పరిచి, కారిన చుక్కలను వెంటనే తుడవాలి. అల్యూమినియం ఫ్రేముల మీద ద్రావణం నిలవనివ్వకూడదు. రంగు అద్దాలు, సన్ ఫిల్మ్ అంటించినవి, పూత ఉన్న రిఫ్లెక్టివ్ అద్దాలపై ముందు ఓ మూల పరీక్షించాలి. వాటిపై బ్లేడు అసలు వద్దు.

చేయకూడనివి

బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది సున్నాన్ని క్షణాల్లో కరిగించే మాట నిజమే. కానీ దాని పొగ ఊపిరితిత్తులను మండిస్తుంది, ఇనుప గ్రిల్‌ను, బందులను తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. కిటికీ దగ్గర పని ముఖం ఎత్తులో జరుగుతుంది. ఎగిరిన చుక్క కంట్లోనే పడుతుంది. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఇచ్చిన ఆదేశాలు కొనేవారి గుర్తింపు, అవసరం నమోదు చేయనిదే చిల్లరగా యాసిడ్ అమ్మకూడదన్నాయి. సైకిల్ మీద కేకేసి అమ్మేవాళ్లు మాత్రం మన వీధుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

అంతకన్నా ప్రమాదం బ్లీచింగ్ పౌడర్‌తో కలపడం. ఏ ఆమ్లం కలిసినా దానినుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలేనని మర్చిపోకూడదు. అద్దాల మరకలకని అమ్మే కొన్ని పారిశ్రామిక ద్రావణాల్లో ఫ్లోరైడ్ ఆమ్లాలు ఉంటాయి. ఇవి అద్దాన్నే కరిగిస్తాయి. చర్మంపై పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి ఇంకి ప్రాణం మీదికి తెస్తాయి. లేబుల్ మీద ఫ్లోరైడ్ అన్న మాట ఉంటే ఇంట్లోకి తేవద్దు. ఏ ఆమ్లమైనా కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో కిటికీ దిమ్మె మీదికి ఎక్కి బయటివైపు తుడవడం మాత్రం ఎవరూ చేయకూడదు, పనిమనిషి చేతా చేయించకూడదు. పొడవు కర్ర వైపర్‌కు అందని అద్దాన్ని నడుముకు తాడు, బెల్టు కట్టుకుని పనిచేసేవాళ్లకే వదిలేయాలి.

ఎంత చేసినా పోకపోతే

మూడు నాలుగు సార్లు ఆమ్లం పట్టించినా, ఆరిన అద్దాన్ని గోటితో గీస్తే గరుకు తగలకపోయినా తెలుపు కనిపిస్తుంటే, అది మరక కాకపోవచ్చు. అద్దమే తినేసి ఉండొచ్చు. నీరు ఎక్కువ కాలం నిలిస్తే అద్దంలోని సోడియం బయటికొచ్చి, ఆ క్షారం పైపొరను కొరుకుతుంది. కొత్త భవనాల్లో తడి సిమెంటు మీదుగా కారిన నీరు ఈ పని ఇంకా త్వరగా చేస్తుంది. దీనికి ద్రావణాలతో పని లేదు. సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పట్టించాలి, లేదా అద్దం మార్చాలి. గరుకు తగిలితే మాత్రం సిలికా పొర కావచ్చు. అద్దాల పాలిష్ పేస్టును తడి గుడ్డతో ఓపికగా రుద్దితే కొంత పోతుంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే చివరిసారి కడిగే నీరు ముఖ్యం. ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీటిలో ఉప్పు మామూలు కన్నా ఎక్కువ, దాన్ని అద్దాలకు వాడొద్దు. ఏసీ పైపు నుంచి కారే నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. వేసవిలో ఒక బకెట్ పట్టి ఉంచుకుంటే అద్దాలు కడగడానికి అంతకన్నా మంచి నీరు ఇంట్లో దొరకదు. ట్యాంకు పొంగి గోడ వెంట కారుతుంటే మాత్రం ముందు ఆ ఫ్లోట్ వాల్వ్ బాగు చేయించాలి.